వారానికొక్కటే వేసుకోవాల్సిన డి3 ప్యాకెట్: మందుకి నాలుగు స్టార్లు, కవర్‌కి ఒకటే

ముందే చెప్పేస్తున్నా, కంపెనీ పేరు రాయడం లేదు. ఏడాదిన్నరలో మా ఇంట్లో నాలుగు కంపెనీల విటమిన్ డి3 వాడాం. పొడి ప్యాకెట్లు, మెత్తటి జెల్ క్యాప్సూల్స్, ఒక్క గుటకలో అయిపోయే బుల్లి సీసా మందు, అన్నీ చూశాం. అన్నిటిలోనూ ఉన్నది ఒకటే, కొలెకాల్సిఫెరాల్ 60,000 యూనిట్లు. మెడికల్ షాపుకెళ్లి "సిక్స్టీ కే ఇవ్వండి" అంటే చాలు, ఏది చేతికందితే అది తీసి ఇస్తారు. కాబట్టి ఇది బ్రాండు రివ్యూ కాదు, సరుకు రివ్యూ అనుకోండి.

కథ నాతోనే మొదలైంది. మియాపూర్‌లో ఫ్లాటు, ఏసీ ఆఫీసు, కారు సెల్లార్‌లో. మా ఇంట్లో ఎండ అనేది బాల్కనీలో ఆరేసిన బట్టలకి తగలడమే తప్ప నాకు తగిలేది కాదు. పొద్దున లేస్తే పిక్కలు లాగడం, మెట్లెక్కితే తొడలు బరువు, ఊరికే నీరసం. నలభై రెండేళ్లకే ఇదేంటని డాక్టర్ దగ్గరికెళ్తే రక్తపరీక్ష రాశారు. విటమిన్ డి 9.8 వచ్చింది. 20కి తక్కువైతే లోపం అని రిపోర్ట్ కిందే రాసుంది, 30 దాటితే సరిపోయినట్టు అట. వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు వేసుకోమన్నారు, మళ్లీ పరీక్ష చేయించమన్నారు.

మొదటి కోర్సు నేనే చెడగొట్టుకున్నా. ఆదివారం పొద్దున లేవగానే గుర్తొచ్చేది, పరగడుపున క్యాప్సూల్ నోట్లో వేసుకుని గ్లాసుడు నీళ్లు తాగేవాణ్ని, తర్వాత బ్లాక్ కాఫీ, టిఫిన్ పదకొండింటికి. ఎనిమిది వారాలయ్యాక 17. డాక్టర్ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, "దేంతో వేసుకున్నారు?" అని. నీళ్లతో అన్నాను. "నూనె మరక నీళ్లతో పోతుందా?" అన్నారాయన. అంతే, ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

విషయం ఏంటంటే విటమిన్లలో ఏ, డి, ఈ, కే అనే నాలుగూ కొవ్వులో కరిగేవి, నీళ్లలో కరిగేవి కావు. మనం తిన్నదాంట్లో నెయ్యో నూనో ఉంటేనే పిత్తాశయం ఒకసారి ముడుచుకుని పైత్యరసం వదులుతుంది. ఆ రసం కొవ్వుని సన్నటి బిందువులుగా విడగొడుతుంది, ఆ బిందువుల మీదెక్కి ఈ విటమిన్లు పేగు గోడ దాటతాయి. ఖాళీ కడుపులో ఆ హడావిడి ఏమీ ఉండదు, వేసుకున్నదాంట్లో చాలా భాగం వచ్చిన దారినే పోతుంది. దీని మీద 2010లో అమెరికాలో ఒక చిన్న పరిశీలన చేశారు, 17 మందే, కానీ వాళ్లు డి మాత్రని రోజులో పెద్ద భోజనంతో వేసుకోవడం మొదలెట్టాక రక్తంలో మోతాదు సగటున సగానికి పైగా పెరిగింది. పదిహేడు మందితో లోకాన్ని తేల్చేయలేం, నిజమే. కానీ నా ఒక్కడి అనుభవం కూడా అటువైపే ఉంది. రెండో కోర్సు ఆదివారం మధ్యాహ్నం భోజనం మధ్యలో వేసుకున్నా, పప్పులో నెయ్యి ధారాళంగా వేసుకుని మరీ. 34 వచ్చింది. ఈలోగా నేను మధ్యాహ్నం పూట కాస్త బయట నడవడం కూడా మొదలెట్టాను, అందుకని క్రెడిట్ మొత్తం నెయ్యికే ఇచ్చేయడం లేదు.

ఇక రకాల గురించి. పొడి ప్యాకెట్ చవక, ఒక గ్రాము పొడి, అందులో అసలు మందు ఒకటిన్నర మిల్లీగ్రాము మాత్రమే, మిగతాదంతా తీపికీ కలవడానికీ వేసిన సరంజామా. పాలల్లో కలిపితే అడుగున కాస్త మిగిలిపోతుంది, చెంచాతో గీకి నాకాల్సిందే. ఆ మిగిలినదాంట్లోనూ మందు ఉంటుంది కాబట్టి గ్లాసులో ఇంకో గుక్కెడు పాలు పోసి తిప్పి తాగేయండి, సింకులో పారబోయకండి. వెన్న తీసిన పాలతో కాకుండా మామూలు పాలతో తాగండి, లేదా భోజనం కాగానే తాగండి. జెల్ క్యాప్సూల్ నాకు నచ్చింది, లోపల నూనెలోనే మందు ఉంటుంది, నోట్లో రుచి తెలియదు. కానీ మా అమ్మ నీచు ముట్టదు, పైన ఉన్న పొర జెలటిన్ అని తెలిసి స్ట్రిప్ వెనక్కిచ్చేసింది. సరే పొడి తెచ్చానా, అసలు డి3 ఎక్కువగా గొర్రె ఉన్నిలో ఉండే జిడ్డు నుంచే తీస్తారని మా అమ్మాయి ఫోన్‌లో చదివి వినిపించింది. "గొర్రె బొచ్చేగా, గొర్రె కాదుగా" అని తాగేసింది అమ్మ. దానికీ పట్టింపు ఉన్నవాళ్లకి నాచు జాతి నుంచి తీసిన డి3 దొరుకుతోంది, ధర ఎక్కువ. బుల్లి సీసా మందు మాత్రం డబ్బు దండగ అనిపించింది నాకు, ఏదో నానో అని రాసి పొడి ప్యాకెట్‌కి రెండింతలు పైనే తీసుకున్నారు. కొవ్వు సరిగ్గా అరగని జబ్బులున్నవాళ్లకి డాక్టర్లు అలాంటిది రాస్తారేమో, అది వేరే సంగతి. కడుపు బాగున్నవాడికి నెయ్యన్నం చాలు.

డి3తో పాటు కే2, అంటే విటమిన్ కే లోనే ఒక రకం, కలిపిన మాత్రలు కూడా కౌంటర్ మీద అద్దాల డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. కాల్షియం రక్తనాళాల్లో పేరుకోకుండా ఎముకల్లోకి పంపిస్తుందని షాపాయన చెప్పుకొచ్చాడు. ఎముకలో కాల్షియాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ ఒకటుంది, అది పనిచేయాలంటే కే కావాలి, అంతవరకు నిజమే. అయితే మాత్రగా వేసుకుంటే మామూలు మనిషికి గుండెకీ ఎముకలకీ మేలు జరిగిందని గట్టిగా తేలలేదు. పైగా కే సంగతి జాగ్రత్తగా చూడాలి, రక్తం గడ్డకట్టించే పని దానిదే. ఆ అక్షరం కూడా గడ్డకట్టడం అనే మాటకి జర్మన్ స్పెల్లింగ్ మొదటి అక్షరమే. పుట్టిన పిల్లల ఒంట్లో కే చాలా తక్కువ ఉంటుంది, అందుకే పుట్టగానే తొడకి ఒక ఇంజెక్షన్ ఇస్తారు, లోపల రక్తస్రావం కాకుండా. అదే గుండె కవాటం మార్చుకుని రక్తం పల్చబడే మాత్ర వాడే వాళ్లయితే కే ఎక్కువైనా తక్కువైనా ఇబ్బందే. మా పెదనాన్న ఆ మాత్రలే వాడతాడు. ఆయనకి డాక్టర్ ఆకుకూర మానేయమనలేదు, ఒక వారం రోజూ పాలకూర, ఇంకో వారం అసలు లేకుండా చేయొద్దు, ఎప్పుడూ ఒకే తీరుగా తినమన్నారు. అలాంటి మనిషి ఎవరో చెప్పారని కే2 కలిసిన మాత్ర కొనేస్తే? షాపులో అడిగే నాథుడు లేడు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా, స్టార్లు తీసేసింది దీనికే.

మా నాన్నకి డెబ్భై ఒకటి. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు, తెనాలిలో ఉంటాడు. మోకాళ్ల నొప్పులంటే అక్కడి డాక్టర్ పరీక్ష చేయించి ఇదే ప్యాకెట్ ఎనిమిది రాశారు, వారానికొకటి అని. చీటీ మీద ఉన్నది వారానికనే. మందుల షాపులో కుర్రాడు ప్యాకెట్ల కట్టకి రబ్బరు బ్యాండ్ వేసి, పైదాని మీద బాల్‌పెన్‌తో "రోజు 1" అని రాసిచ్చాడు. చీటీ ఆ సంచిలోనే ఉండిపోయింది. మా నాన్న ఉద్యోగమంతా టికెట్ మీద రాసింది రాసినట్టు నమ్మిన మనిషి, ప్యాకెట్ మీద ఏం రాసుంటే అదే వేదం.

నేను పండక్కి వెళ్లేసరికి కిటికీ గూట్లో ఖాళీ ప్యాకెట్లు వరసగా పేర్చి ఉన్నాయి, లెక్క తప్పకుండా ఉండడానికని దాచిపెట్టాడట. ఎనిమిది.

"నాన్నా, ఇవెప్పటివి?"

"పోయిన మంగళవారం మొదలెట్టా. ఇవాళ్టితో అయిపోయాయి. ఇంకో ఎనిమిది తీసుకురా, బానే ఉంది రుచి."

ఎనిమిది వారాల కోర్సు ఎనిమిది రోజుల్లో. లెక్క కడితే 4,80,000 యూనిట్లు. మనకి రోజుకి కావాల్సింది 600 యూనిట్లని జాతీయ పోషకాహార సంస్థ లెక్క, అంటే ఒక్క ప్యాకెట్ నూరు రోజుల గ్రాసం. మా నాన్న ఎనిమిది వందల రోజులది ఒక వారంలో తాగేశాడన్నమాట. నాకు చెమటలు పట్టేశాయి. ఆయనేమో "బలానికేగా రా, ఎక్కువైతే ఒంటికి పోతుంది" అంటాడు. ఒంటికి పోవడం అంటే మూత్రంలో పోవడమని. బీకాంప్లెక్స్ వేసుకుంటే మర్నాడు పచ్చగా పోతుంది చూడండి, అది నీళ్లలో కరిగేది కాబట్టి మిగిలింది బయటికి పోతుంది. డి అలా పోదు, కొవ్వులోనూ కండరాల్లోనూ దాక్కుంటుంది, వారాల తరబడి మెల్లమెల్లగా బయటికొస్తుంది. మరీ ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది, దాహం, మలబద్ధకం, వాంతులు, మాటిమాటికీ మూత్రం, ముదిరితే మూత్రపిండాలకి దెబ్బ.

అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేశాం. కంగారు పడొద్దన్నారు. ఒకసారే 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది, ఈ మోతాదుకి సాధారణంగా ప్రమాదం రాదు, అయినా కాల్షియం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూద్దామన్నారు. రెండూ మామూలుగానే వచ్చాయి, బతికిపోయాం. కాల్షియం మాత్రలు కొన్నాళ్లు ఆపమన్నారు, నీళ్లు బాగా తాగమన్నారు, డి మళ్లీ మూడు నెలల దాకా ముట్టుకోవద్దన్నారు. మా నాన్న అడక్కుండానే ఇంకో ఎనిమిది కొనుక్కునే లోపు నేను వెళ్లాను కాబట్టి సరిపోయింది. వెళ్లకపోయుంటే? ఇంగ్లిష్ చదవడం రాని ఇంట్లో అయితే?

ఆ ప్యాకెట్ ఇప్పుడు నా ముందే ఉంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. ముందు పక్క కంపెనీ పేరు పెద్దక్షరాల్లో, పక్కన సూర్యుడి బొమ్మ. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో "డాక్టర్ సలహా మేరకు" అని ఇంగ్లిష్‌లో ఉంది. వారానికొకటి అన్న మాట ఎక్కడా లేదు. మోతాదు డాక్టర్ చెప్పాలి కాబట్టి రాయలేదని అంటారు, సరే. మరి "రోజూ వాడేది కాదు" అని ఒక్క ముక్క తెలుగులో, హిందీలో, ఎర్ర సిరాతో వేస్తే ఏం పోయింది? ఆ సూర్యుడి బొమ్మకున్నంత చోటు చాలదా? అందుకే కవర్‌కి ఒక్క స్టారే, అది కూడా సులువుగా చిరుగుతుంది కాబట్టి.

ఆ ఇంజెక్షన్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మా కాలనీలో కొందరు పెద్దవాళ్లు ఏడాదికోసారి పెద్ద డోసు సూది వేయించుకుంటే గొడవ వదిలిపోతుంది కదా అంటారు. ఆస్ట్రేలియాలో దాదాపు అదే చేసి చూశారు, కాకపోతే సూదిగా కాదు, నోటి మాత్రలుగా, 70 దాటిన ఆడవాళ్లు రెండు వేల పైచిలుకు మందిలో సగం మందికి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు. 2010లో ఫలితం వచ్చింది, వాళ్లలో కింద పడడాలూ ఎముకలు విరగడాలూ తగ్గకపోగా పెరిగాయి. ఒకేసారి కుమ్మరించడం కన్నా కొద్దికొద్దిగా ఇవ్వడమే మేలని 2024లో అమెరికా ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టర్ల సంఘం యాభై దాటినవాళ్ల విషయంలో రాసింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లందరికీ డి పరీక్ష చేయించక్కర్లేదని కూడా అదే రాసింది, ఆ ముక్క ల్యాబుల వాళ్ల ప్యాకేజీ కరపత్రాల్లో మాత్రం కనపడదు.

మరి పనిచేసిందా అంటే, నా మటుకు పిక్కల నొప్పులు రెండో కోర్సు సగంలో తగ్గాయి. మెట్లెక్కితే బరువు పోయింది. నీరసం సగం తగ్గింది, మిగతా సగం నిద్రకీ ఫోన్‌కీ సంబంధించిందని మా ఆవిడ అభిప్రాయం. జుట్టు రాలడం మాత్రం అలాగే ఉంది, ఆ ఆశతో కొనేవాళ్లు కొనకండి. మామూలుగా ఉన్న మనిషికి డి మాత్ర వల్ల ఎముకలు విరగడం తగ్గుతుందా అని అమెరికాలో పాతిక వేల మందికి పైగా జనం మీద ఏళ్ల తరబడి చూస్తే తగ్గలేదని 2022లో తేలింది. లోపం ఉన్నవాడికి మందు, లేనివాడికి అలంకారం అని నాకు అర్థమైంది.

ఎండ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్యాకెట్‌కి అసలైన పోటీ అదే, అదీ ఉచితంగా. పొద్దున ఆరింటికి నీరెండలో కూర్చుంటే చాలని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో రోజూ ఎవరో ఒకరు పెడతారు. నీరెండ హాయే, కానీ చర్మంలో డి తయారు చేసే కిరణాలు అప్పుడు దాదాపు ఉండవు. మన నీడ మనకన్నా పొట్టిగా ఉన్నప్పుడే అవి గట్టిగా తగులుతాయి, అంటే సుమారు పది నుంచి మూడు మధ్య. కిటికీ అద్దం వెనక కూర్చుంటే వేడే వస్తుంది, డి రాదు. చామనఛాయకీ నలుపుకీ తెల్లవాళ్ల కన్నా ఎక్కువసేపు కావాలి. రోహిణి కార్తెలో ఒంటిగంటకి నిలబడమని నేనెవరికీ చెప్పను, వడదెబ్బ తగులుతుంది. చలికాలం మాత్రం నేను భోజనమయ్యాక చొక్కా చేతులు పైకి మడిచి పావుగంట నడుస్తున్నా.

విటమిన్ 'ఏ'కి ఈ ప్యాకెట్ల తంటా లేదు, తోటకూర, మునగాకు, బొప్పాయి, క్యారెట్ చాలు, కాకపోతే వాటికీ తాలింపు నూనె కావాలి. క్యారెట్ జ్యూస్ ఒక్కటే తాగే డైటింగ్ వాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి. ఒకప్పుడు విటమిన్ 'ఏ' లేక పిల్లలకి రేచీకటి వచ్చి చూపే పోయేది, తార్నాకలో ఉన్న ఆ పోషకాహార సంస్థలో జరిగిన పనితోనే 1970లో మన దేశంలో పిల్లలకి ఆరునెలలకోసారి పెద్ద మోతాదు విటమిన్ 'ఏ' ద్రావణం చెంచాతో పట్టడం మొదలైంది. అంగన్‌వాడీలో మా అమ్మాయి మూతి తిప్పుకుంటూ తాగిన పసుపు మందు అదే. ఆరు నెలలకోసారి ఇవ్వడం కుదరడానికి కారణం కూడా ఇదే గుణం, కాలేయం దాన్ని దాచుకుంటుంది. మా నాన్న విషయంలో భయపెట్టిన గుణమే పసిపిల్లల కళ్లు కాపాడింది.

విటమిన్ 'ఈ' ఆకుపచ్చ క్యాప్సూల్స్ మొహానికి రాసుకోవడానికి గుచ్చి పిండేవాళ్ల సంగతి నేను మాట్లాడను, మా ఇంట్లో ఇద్దరున్నారు. మింగే మగవాళ్లకి మాత్రం ఒక్క మాట. 35 వేల మంది మగవాళ్ల మీద చేసిన అధ్యయనంలో రోజూ 400 యూనిట్ల విటమిన్ 'ఈ' మాత్ర ఏళ్ల తరబడి వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో రాశారు. గుప్పెడు పల్లీలు తినండి, విటమిన్ 'ఈ' అందులోనే ఉంది.

కొనేవాళ్లకి: ధర చూసి పొడి ప్యాకెట్, నోటి రుచి పట్టింపు ఉంటే క్యాప్సూల్, పరీక్షలో తక్కువ వచ్చి డాక్టర్ రాస్తేనే. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. షాపు వాడు ప్యాకెట్ మీద రాసింది కాకుండా చీటీ తీసి చదవండి, ఇంట్లో పెద్దవాళ్లకైతే మీరే స్కెచ్ పెన్‌తో ప్రతి ప్యాకెట్ మీదా తారీఖు వేసివ్వండి. ఎనిమిదీ వాళ్ల చేతికివ్వకుండా ఒక్కోటి ఇస్తే ఇంకా మంచిది.

మా నాన్నకి మూడు నెలలు గడిచాక డాక్టర్ ఈసారి నెలకొకటి రాశారు. గోడమీది క్యాలెండర్‌లో ప్రతినెలా మొదటి ఆదివారం చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన "పొడి" అని రాశాడు. ఆ రోజే ఎందుకంటే ఆదివారం చేపల పులుసు ఉంటుంది, నూనె తేలుతూ. మొన్న ఫోన్ చేసి అడిగాడు, "ఈ ఆదివారం చేప దొరకలేదు, కోడిగుడ్డు పులుసైతే పనికొస్తుందంటావా?" అని.